హౌస్, టెక్నో క్లబ్బుల పాత రోజుల్లో నిజంగా ఉన్నదేమిటి, ఇప్పుడు లేనిదేమిటి?

ప్రశ్న: ట్రాయ్ శ్రోత

డెట్రాయిట్ శివార్లలో కార్ల కంపెనీలను నమ్ముకుని స్థిరపడిన తెలుగువారిలో నేనూ ఒకడిని. ఈ నగరం టెక్నో అనే యంత్రాల నృత్య సంగీతానికి పుట్టినిల్లన్న సంగతి ఇక్కడికి వచ్చిన చాలా ఏళ్లకు గాని నాకు తెలియలేదు. మే నెలాఖరులో మెమోరియల్ డే సెలవులకు హార్ట్ ప్లాజాలో జరిగే మూవ్‌మెంట్ ఉత్సవానికి ఆఫీసు మిత్రుడొకరు తీసుకువెళ్లినప్పటి నుంచి ఈ సంగీతం నన్ను వదలడం లేదు.

ఆ ఉత్సవంలో యాభై, అరవై ఏళ్లవారు చాలామంది కనిపిస్తారు. వారితో మాట కలిపితే చాలు, నది ఒడ్డున ఆడుతున్న జనాన్ని చూపించి, ఇదంతా ఒక లెక్కా, డెట్రాయిట్‌లోని మ్యూజిక్ ఇన్‌స్టిట్యూట్ అనే పాత క్లబ్బు రోజులే వేరు అంటారు. షికాగో నుంచి వచ్చినవారైతే అక్కడి పాత క్లబ్బులైన వేర్‌హౌస్ పేరు, మ్యూజిక్ బాక్స్ పేరు చెప్పి నిట్టూరుస్తారు. అయితే నాటి రికార్డులన్నీ ఇప్పుడు ఫోనులోనే దొరుకుతున్నాయి, స్పీకర్లు అప్పటికంటే మెరుగయ్యాయి, నాటి డీజేలలో కొందరు ఇప్పటికీ వాయిస్తూనే ఉన్నారు. మరి పోయినదేమిటి? వారు తలచుకుంటున్నది ఆ క్లబ్బులనా, లేక తమ పాతికేళ్ల వయసునా? పాతదంతా బంగారమే అని సరిపెట్టకుండా, కారణాలతో చెప్పగలవారు చెప్పాలని కోరుతున్నాను.

జవాబు 1: నేపర్‌విల్ పాతకాపు

శ్రోత గారూ, మీ ప్రశ్నకు జవాబు సంగీతంలో వెతికితే దొరకదు. ఆ గదిని ఎప్పుడు తెరిచేవారు, ఎప్పుడు మూసేవారు, లోపల ఏమి అమ్మేవారు అన్న విషయాలలో వెతకాలి.

షికాగోలో 206 సౌత్ జెఫర్సన్ వీధిలో రాబర్ట్ విలియమ్స్ నడిపిన వేర్‌హౌస్‌కు 1977లో న్యూయార్క్ నుంచి వచ్చి డీజేగా చేరినవాడు ఫ్రాంకీ నకల్స్. అక్కడ మద్యం అమ్మేవారు కాదు. పళ్లరసం, మంచినీళ్లు మాత్రమే ఉండేవి. ఇది నిష్ఠాగరిష్ఠుల క్లబ్బు అనుకోకండి. మద్యం లేనిచోట బార్లను మూయించే వేళ వర్తించదు కనుక, శనివారం రాత్రి మొదలైన ఆట ఆదివారం పొద్దెక్కేదాకా సాగేది. వచ్చేవారిలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో స్వలింగ సంపర్కులు. ఊళ్లోని మిగతా బార్లలో అనుమానపు చూపులను, అవమానాలను భరించే మనుషులకు వారానికి ఒక రాత్రి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కరలేని చోటు దొరికింది. షికాగోలో పుట్టిన ఈ నృత్య సంగీతానికి హౌస్ అనే పేరు కూడా ఆ క్లబ్బు పేరు నుంచే వచ్చిందంటారు.

అంత పొడవైన రాత్రిని ఒక్కడే డీజే నడిపించడం రెండో విషయం. మన పల్లెల్లో పౌరాణిక పద్యనాటకాలు తెల్లవార్లూ ఆడే రోజుల్లో తొలిజాము ప్రేక్షకుడు వేరు, కోడి కూసే వేళ మిగిలిన ప్రేక్షకుడు వేరు. నటుడికి ఆ తేడా తెలిసేది, ఏ పద్యాన్ని ఎప్పటికి దాచుకోవాలో కూడా తెలిసేది. ఏడెనిమిది గంటలు చేతిలో ఉన్న డీజే పరిస్థితి కూడా అదే. జనం చెవులు ఒప్పుకోని కొత్త పాటను ఒకసారి వేసి, చల్లబడనిచ్చి, మళ్లీ వేసే తీరిక అతనికి ఉండేది. మ్యూజిక్ బాక్స్‌లో రాన్ హార్డీ ఆ పనే చేశాడు. ఫ్యూచర్ బృందం తెచ్చిన పాటను, అంటే 1987లో యాసిడ్ ట్రాక్స్ పేరుతో రికార్డుగా వచ్చినదాన్ని, ఆయన మొదటిసారి వేసినప్పుడు జనం నృత్యశాల వదిలి పక్కకు తప్పుకున్నారని, ఆ రాత్రే నాలుగోసారి వేసేసరికి అదే జనం వెర్రెత్తిపోయారని ఆ బృందంలోని డీజే పియెర్ చెబుతూ వచ్చాడు. నాటకంలో ఒన్స్‌మోర్ అడిగేది ప్రేక్షకులు. ఇక్కడ ఎవరూ అడగకుండానే డీజే ఒన్స్‌మోర్ ఇచ్చాడు. నేటి ఉత్సవంలో గంటన్నర సమయం ఇచ్చిన డీజే ఇంతటి తెగింపు చేయగలడా? తనకు తెలిసిన వాటిలో గట్టిగా పేలే పాటలను వరుసగా పేల్చి దిగిపోతాడు. అది అతని తప్పు కాదు.

మీ డెట్రాయిట్ సంగతికి వస్తే, 1315 బ్రాడ్‌వేలో 1988లో మొదలైన మ్యూజిక్ ఇన్‌స్టిట్యూట్‌లో కూడా మద్యం లేదు. డెరిక్ మే అక్కడ శుక్రవారాలు వాయించేవాడు. టెక్నోకు ఆద్యులైన హువాన్ ఆట్కిన్స్, కెవిన్ సాండర్‌సన్, డెరిక్ మే ముగ్గురూ డెట్రాయిట్ దగ్గరి బెల్‌విల్‌లో చదువుకున్న స్నేహితులన్న విషయం మీకు తెలిసే ఉంటుంది. ఆ క్లబ్బు 1989లోనే మూతపడింది. పట్టుమని రెండేళ్లు కూడా నడవని గది గురించి మీ పక్కనున్నవారు ఇప్పటికీ మాట్లాడుతున్నారంటే, వయసును తలచుకోవడం ఒక్కటే దానికి కారణమని నేను అనుకోను.

ఒక చిన్న సంగతి చెప్పి ఆపుతాను. 1982 చివరలో వేర్‌హౌస్ ప్రవేశ రుసుమును రెట్టింపు చేసి వ్యాపార ధోరణిలోకి దిగడంతో నకల్స్ బయటికి వచ్చి పవర్ ప్లాంట్ అనే సొంత క్లబ్బు పెట్టుకున్నాడు. డబ్బు చేరి పాత రోజులు పోయాయన్న బాధ, చూశారా, ఈ సంగీతానికి ఇంకా సరైన పేరైనా స్థిరపడకముందే మొదలైంది.

జవాబు 2: మాంచెస్టర్ డాక్టర్

పాతకాపు గారు చెప్పిన చరిత్రతో నాకు పేచీ లేదు. అందులో ఉన్న తీపితోనే పేచీ. నేను పనిచేసే ఊళ్లో హాసియెండా పేరు ఎత్తితే ఇప్పటికీ పెద్దవాళ్ల ముఖాలు వెలుగుతాయి. ఫ్యాక్టరీ రికార్డ్స్ సంస్థ, న్యూ ఆర్డర్ బృందం కలిసి 1982 మే నెలలో తెరిచిన ఆ క్లబ్బు తొలి ఏళ్లలో ఖాళీగా ఉండేది. 1988 వేసవికి షికాగో, డెట్రాయిట్ రికార్డులతో బయట వరుసలు కట్టే స్థితికి వచ్చింది. వచ్చినా నష్టం తగ్గలేదు, ఎందుకంటే ఎక్స్‌టసీ అనే మత్తు మాత్ర వేసుకున్న జనం బీరు కొనరు, నీళ్లే తాగుతారు. మాత్రల లాభం ముఠాలకు, నష్టం క్లబ్బుకు. 1989లో అక్కడ మాత్ర మింగిన పదహారేళ్ల అమ్మాయి ప్రాణం పోయింది. ఆ తర్వాత ద్వారం దగ్గర తుపాకులు కనిపించే రోజులు వచ్చాయి. 1997లో క్లబ్బు మూతపడింది, భవనాన్ని కూల్చి అదే పేరుతో అపార్ట్‌మెంట్లు కట్టి అమ్మారు. నాటి జ్ఞాపకాలు వినేటప్పుడు ఈ సగం ఎవరూ చెప్పరు.

శరీరం వేడెక్కి, రక్తంలో సోడియం పడిపోయి ఆస్పత్రికి వచ్చే పిల్లలను చూసే వృత్తి నాది కనుక నా మాట కొంత కటువుగా ఉండవచ్చు. నేడు కొన్ని ఉత్సవాలలో మాత్రలోని పదార్థాన్ని పరీక్షించి చెప్పే ఏర్పాట్లు ఉన్నాయి, ఉచితంగా నీళ్లిస్తారు, శిక్షణ ఉన్న సిబ్బంది ఉంటారు. ఈ విషయంలో పాత రోజులకంటే ఈ రోజులే నయమని నిస్సంకోచంగా చెబుతాను.

అయితే క్లబ్బులు మాయమవడానికి మాత్రలు ఒక్కటే కారణమని అనను. 1994లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన నేర న్యాయ చట్టం, రాత్రిపూట ఆరుబయట గట్టి సంగీతంతో జరిగే వందమంది, ఆపై జనం గుంపులను చెదరగొట్టే అధికారాన్ని పోలీసులకు ఇచ్చింది. మళ్లీ మళ్లీ వచ్చే దరువులతో కూడినది కూడా సంగీతం కిందికే వస్తుందని ఆ చట్టంలో ప్రత్యేకంగా రాశారు. దరువు తీరును బట్టి జనాన్ని చెదరగొట్టడానికి ఒక పార్లమెంటు పూనుకోవడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

జవాబు 3: బెర్లిన్ చలిగాలి

పాతకాపు గారు మూసివేత వేళ గురించి రాసినది చదివి సంతోషించాను, ఎందుకంటే బెర్లిన్ కథ అంతా ఆ ఒక్క అంశం మీదే నిలబడి ఉంది. పశ్చిమ బెర్లిన్‌లో బార్లను ఫలానా గంటకు మూయాలన్న నిబంధనను 1949లోనే ఎత్తివేశారు. నలభై ఏళ్ల తర్వాత గోడ కూలినప్పుడు తూర్పు భాగంలో యజమానులు ఎవరో తేలని ఖాళీ భవనాలు కుప్పలుగా దొరికాయి. మూసివేత వేళ లేని ఊరు, అద్దె అంతగా అడగని గదులు, రెండు వైపుల నుంచి వచ్చి ఒకరినొకరు కొత్తగా చూస్తున్న యువత. ఇవి మూడూ ఒకే చోట కలిశాయి.

1991 మార్చిలో డిమిత్రి హెగెమాన్, ఆయన మిత్రులు లైప్‌జిగర్ వీధిలో తెరిచిన ట్రెజోర్, ఒకప్పటి వెర్ట్‌హైమ్ దుకాణపు నేలమాళిగలోని ఖజానా గది. గోడల వెంట తుప్పుపట్టిన లాకర్లు, తక్కువ ఎత్తు పైకప్పు, డీజేకు జనానికి మధ్య ఇనుప కటకటాలు. ఆ ఫొటోలు చూస్తే జనం దాదాపు కనిపించరు. పొగ, ఒక మెరుపు దీపం, పైకప్పు నుంచి కారే చెమట మాత్రమే తెలుస్తాయి. డెట్రాయిట్‌లో చోటు కరువైన అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ బృందానికి, జెఫ్ మిల్స్‌కు ఈ నేలమాళిగ రెండో ఇల్లయింది, ట్రెజోర్ పేరుతో నడిచే రికార్డు సంస్థ వారి రికార్డులను విడుదల చేసింది. శ్రోత గారూ, మీ ఊరి సంగీతాన్ని మీ ఊరికంటే ముందు మా ఊరు నెత్తిన పెట్టుకుందని ఇక్కడివారు కొంచెం గర్వంగానే చెప్పుకుంటారు.

ఆ స్థలం అమ్ముడుపోవడంతో 2005లో ట్రెజోర్ మూతపడి, 2007లో కోపెనికర్ వీధిలోని పాత విద్యుత్ కేంద్రంలో మళ్లీ తెరుచుకుంది. నేను వెళ్లేది అక్కడికే. ఫోనుల గురించి పెద్దలు చేసే ఫిర్యాదుకు ఈ ఊళ్లో కొంత మందు ఉంది: బెర్గ్‌హైన్‌లో ద్వారం దగ్గరే ఫోను కెమెరా మీద స్టిక్కరు అంటిస్తారు, లోపల ఫొటో తీస్తే బయటికి పంపుతారు. కెమెరా లేనప్పుడు మనుషులు ఎంత మారిపోతారో చూసి నేనైతే ఆశ్చర్యపోయాను. అద్దెకు మాత్రం అలాంటి స్టిక్కరు లేదు. 2024లో జర్మనీ బెర్లిన్ టెక్నోను తన అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. సన్మానం బాగానే ఉంది, కాని భూమి ధరలు పెరిగి క్లబ్బులు ఖాళీ చేస్తున్న కాలంలో శాలువా కప్పితే అద్దె కట్టినట్టు కాదు.

జవాబు 4: విశాఖ మిక్సర్

నేను పెళ్లిళ్లకు, కాలేజీ వేడుకలకు సౌండ్ అమర్చే పనిలో ఉన్నాను. ఆ క్లబ్బులను చూడలేదు కాని పరికరాలు తెలుసు, కనుక ఆ వైపు నుంచి ఒక మాట.

పాత డీజేల చేతి పనిని తక్కువగా చూడకండి. టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ఎంకే2 అనే టర్న్‌టేబుల్, అంటే రికార్డు తిప్పే యంత్రం, 1979లో వచ్చింది. దాని కుడి అంచున ఉండే మీటతో వేగాన్ని ఎనిమిది శాతం వరకు పెంచవచ్చు, తగ్గించవచ్చు. ఒక పాట జనానికి వినిపిస్తుండగా డీజే హెడ్‌ఫోనును ఒక చెవికే ఆనించుకుని రెండో రికార్డు దరువు వింటాడు. అది వెనకబడితే మీటను వెంట్రుకవాసి ముందుకు జరుపుతాడు, ముందుకు పోతే పళ్లెం అంచును వేలితో తాకి ఆపీ ఆపకుండా పట్టుకుంటాడు. రెండు దరువులు కలిసి ఒకే దెబ్బగా వినిపించినా పని అయిపోదు. అవి కాసేపటికి మళ్లీ విడిపోతాయి, మళ్లీ వేలు పెట్టాలి. ఇప్పటి యంత్రాల్లో సింక్ బొత్తాం నొక్కితే ఇదంతా అదే చేస్తుంది. చెవి ఊపిరి బిగబట్టి పనిచేసే ఆ క్షణాలు పోయాయని పాతవారు బాధపడితే అందులో న్యాయం ఉంది.

అయినా యంత్రాలతోనే సంస్కృతి పుడుతుందనుకుంటే పొరపాటు. రోలండ్ కంపెనీ టీబీ-303 అనే చిన్న ఎలక్ట్రానిక్ వాద్యాన్ని ఒంటరిగా సాధన చేసుకునే గిటారు వాద్యకారులకు బేస్ తోడుగా తయారు చేసింది. అమ్మకాలు లేక 1984లో ఆపేసింది. పాత సామాన్ల దుకాణాలకు చౌకగా చేరిన వాటిని షికాగో కుర్రాళ్లు కొని, మరలు అడ్డదిడ్డంగా తిప్పి హౌస్‌లో యాసిడ్ హౌస్ అనే కొత్త శాఖను పుట్టించారు. వారికంటే ముందే, 1982లో, బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ అదే 303ని, టీఆర్-808 అనే దరువు యంత్రాన్ని పక్కపక్కన పెట్టి పది రాగాలను డిస్కో దరువు మీద వాయించి రికార్డు తెచ్చారు. భైరవ్ రాగం వినండి, షికాగోలో చేశారంటే నమ్ముతారు. ఆ రికార్డు అప్పుడు ఎవరికీ పట్టలేదు. 2010లో నెదర్లాండ్స్ నుంచి మళ్లీ విడుదలయ్యాక, డెబ్బై దాటిన వయసులో ఆయన యూరప్ వేదికల మీద దాన్ని వాయించారు. 2015లో కన్నుమూశారు. యంత్రాలు అవే, చేతివాటం అంతకంటే గొప్పది. బొంబాయిలో లేనిది ఆ పాటను రాత్రంతా వేసి, నచ్చేదాకా మళ్లీ వేసే గది. అందుకే పాతకాపు గారి వాదనకే నా ఓటు.

ట్రాయ్ శ్రోత

అందరికీ కృతజ్ఞతలు. డాక్టర్ గారు రాసినది చదివాక, మా ఉత్సవంలో నిట్టూర్చే పెద్దలను నాటి నష్టాల గురించి కూడా అడగాలనిపించింది. ఒక సందేహం మిగిలింది: గది, సమయం పోయాయని ఒప్పుకున్నాక, నాలాంటి ఆలస్యంగా వచ్చినవాడు ఆ అనుభవానికి దగ్గరగా ఏదైనా వినాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

నేపర్‌విల్ పాతకాపు

పాటలను విడివిడిగా వినడం మానండి. ఆ పన్నెండంగుళాల రికార్డులలో మొదటి నిమిషం, చివరి నిమిషం వట్టి దరువే ఉండేది వినడానికి కాదు, మరో పాటతో కలపడానికి. అందుకే విడిగా వింటే విసుగనిపిస్తాయి. రాన్ హార్డీ మ్యూజిక్ బాక్స్‌లో వాయించిన రాత్రుల క్యాసెట్ రికార్డింగులు కొన్ని ఇంటర్నెట్‌లో తిరుగుతున్నాయి; శబ్దం బొంగురుగా ఉంటుంది, టేపు మధ్యలో సాగుతుంది, అయినా మొదటి నుంచి చివరిదాకా ఒకే ఊపున వినండి. ఇక వచ్చే మే నెలలో హార్ట్ ప్లాజా ముఖ్య వేదికల దగ్గరే ఆగిపోకండి. ఆ వారాంతం ఉత్సవం మూసిన తర్వాత ఊళ్లోని చిన్న గదులలో తెల్లవారేదాకా విడి కార్యక్రమాలు జరుగుతాయి. ఒకే డీజే రాత్రంతా వాయిస్తాడని రాసి ఉన్న దానికి టికెట్ కొనండి, త్వరగా వెళ్లండి, జనం పలచగా ఉన్న తొలి గంటలు కూడా అక్కడే ఉండండి. డాక్టర్ గారి మాట ప్రకారం నీళ్లు తాగుతూ ఉండండి. చెవుల్లో పెట్టుకునే బిరడాలు మరిచిపోకండి, ఆ గదుల్లో స్పీకర్లు మొహమాటపడవు.