అప్‌డేట్: నాన్న నడుంనొప్పి, కాళ్లు తూలడం గురించి అడిగాను కదా

ప్రొస్టేట్ క్యాన్సర్ ఉన్న నాన్నకి పడుకుంటే నడుంనొప్పి పెరుగుతోంది, కాళ్లు తూలుతున్నాయి, వచ్చే వారం అపాయింట్‌మెంట్ దాకా ఆగొచ్చా అని అడిగాను. ఒక్కరోజు కూడా ఆగొద్దన్నారు మీరంతా. ఆ రాత్రే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాం.

నొప్పి నడుములోనే అయినా ఎమ్మారై వెన్నెముక మొత్తానికీ తీశారు. మంచిదైంది, వెన్నుపామును నొక్కుతున్న గడ్డ వీపు మధ్యలో ఉంది! అనుమానం రాగానే, స్కాన్‌కి ముందే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ 16 మిల్లీగ్రాములు మొదలుపెట్టారు, కడుపులో పుండు పడకుండా ఇంకో మాత్ర. స్టెరాయిడ్‌తో వాపు తగ్గింది కానీ షుగర్ ఎగబాకింది. నిద్ర అసలే లేదు, రాత్రి 2 గంటలకి లేచి కూర్చుని కబుర్లు.

సర్జన్ కూడా చూశారు. క్యాన్సర్ చాలా ఎముకలకి పాకింది, వెన్నుపూస మాత్రం నిలకడగానే ఉంది కాబట్టి ఆపరేషన్ వద్దన్నారు. రేడియేషన్ 5 రోజులు, మొత్తం 20 గ్రే (రేడియేషన్ డోసుని కొలిచే యూనిట్). "నడవగలుగుతున్నప్పుడే తెచ్చారు, అదే పెద్ద ప్లస్" అన్నారు డాక్టర్. నేను వారం ఆగుదామనుకున్న సంగతి ఆయనకి చెప్పలేదు.

ఇప్పుడు వాకర్ పట్టుకుని బాత్రూమ్ దాకా వెళ్తున్నారు. ఎడమ కాలి చెప్పు జారిపోయినా తెలియట్లేదు, వెనక్కి తిరిగి చూసుకుని నవ్వేస్తున్నారు. మూత్రం గొట్టం నిన్న తీసేశారు. స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపకూడదట, డోసు మెల్లగా తగ్గిస్తున్నారు. ఫిజియోథెరపీ సోమవారం నుంచి.