బార్డీన్ ప్రాజెక్టు కోసం పాత జెర్మేనియం ట్రాన్సిస్టర్ ఎక్కడ దొరుకుతుంది?

నమస్కారమండీ. కావలి దగ్గర ఒక పల్లెటూరి హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఈసారి సైన్స్ ఫేర్‌కి మా పదో తరగతి పిల్లలు జాన్ బార్డీన్ మీద ప్రాజెక్టు చేస్తున్నారు. ఫిజిక్స్‌లో రెండుసార్లు (1956, 1972) నోబెల్ అందుకున్నది ఇప్పటికీ ఆయనొక్కరే. అయినా ఆ పేరు తెలిసినవాళ్లు తక్కువ, అదే నా బాధ.

1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో ఆయన, సహోద్యోగి బ్రాటైన్ కలిసి చేసిన మొదటి ట్రాన్సిస్టర్ (బలహీనమైన విద్యుత్ సంకేతాన్ని పెంచే చిన్న పరికరం) నమూనాను పిల్లలు కట్టేశారు. ముక్కోణపు ప్లాస్టిక్ ముక్క, దాని అంచుల మీద బంగారు రేకు, కొన దగ్గర బ్లేడుతో సన్నటి గాటు. అసలు దాంట్లో ఆ కొన జెర్మేనియం పలక మీద ఆనుతుంది, మా దాంట్లో నాపరాయి ముక్క పెట్టారు. చూడ్డానికి ముచ్చటగా ఉంది కానీ పక్కన నిజంగా పనిచేసేది ఒకటి ఉండాలి. పాత రేడియోల్లో వాడిన ఏసీ 128 లాంటి జెర్మేనియం ట్రాన్సిస్టర్ నెల్లూరులోగానీ ఒంగోలులోగానీ ఏ మెకానిక్ దగ్గరైనా దొరుకుతుందా? పాడైపోయిన సెట్టు ఉన్నా కొనుక్కుంటాం.

ఇంకోటి. బెల్ ల్యాబ్స్‌లో వాళ్ల బృందాన్ని నడిపిన షాక్లీ, అర్ధవాహకంలో (జెర్మేనియం లాంటి సెమీకండక్టర్‌లో) పారే కరెంటును బయటి విద్యుత్ క్షేత్రంతో అదుపు చేయాలని మొదట అనుకున్నాడు. ఆ పద్ధతి ఎందుకు పనిచేయలేదో వివరించింది బార్డీనే. అర్ధవాహకం ఉపరితలంలో చిక్కుకున్న ఎలక్ట్రాన్లు బయటి విద్యుత్ క్షేత్రాన్ని లోపలికి పోనివ్వవు. దీన్ని పదో తరగతి పిల్లలకు అర్థమయ్యేలా చూపించే ప్రయోగం ఎవరికైనా తెలిస్తే దయచేసి చెప్పండి.