పౌడర్ మెజర్ తప్పుతోంది: సరిచేసి నమ్మాలా, ప్రతి మోతాదూ తూచాలా?

బేస్‌మెంట్ బల్ల
మాది మినియాపొలిస్ శివారు. జింకల వేటతో మొదలైన రైఫిలు సరదా మూడేళ్లలో ఇంట్లోనే తూటాలు నింపుకొనే దాకా వచ్చింది. పేల్చిన ఇత్తడి కేసులు శుభ్రం చేసి, పౌడరును అంటించే కొత్త ప్రైమరు బిగించి, పౌడరు పోసి, పైన బుల్లెట్ (ఎగిరి వెళ్లే మొన) కూర్చోబెట్టడం నా శనివారం పని. పౌడరు పోసేది మెజర్. పైన ప్లాస్టిక్ తొట్టి, కింద గుంట ఉన్న ఇనుప డ్రమ్ము, పక్కన పిడి. పిడి పైకెత్తితే గుంట నిండుతుంది, దించితే గొట్టం గుండా కేసులో పడుతుంది. ఇన్నాళ్లూ పేచీ పెట్టలేదు.

నిన్న రాత్రి అనుమానం వచ్చి వరుసగా పది మోతాదులు తూచాను. అనుకున్న బరువుకు తేడాలు గ్రెయిన్లలో ఇవి: 0, +0.1, 0, −0.1, −0.7, +0.6, 0, +0.1, −0.1, 0. పౌండుకు 7,000 గ్రెయిన్లు కాబట్టి 0.7 అంటే దాదాపు 45 మిల్లీగ్రాములు, రెండు బియ్యపు గింజల ఎత్తు. చిన్న కేసులో అది చిన్న తేడా కాదు.

మెజర్‌ను సరిచేసి మళ్లీ నమ్మనా, పక్కన పెట్టి ఒక్కొక్కటీ తూచుకోనా? ఈ అనుమానం రాకముందు నింపిన 50 తూటాలను ఏం చెయ్యను?

తక్కెడ
ఒక్కొక్కటీ తూచండి. పుస్తకాల్లో మోతాదులన్నీ బరువులో ఇస్తారు. మెజర్ కొలిచేదేమో ఘనపరిమాణం. కుంచంతో కొలిచి మణుగుల్లో లెక్క చెప్పడం లాంటిదే ఇది. నేను మెజర్‌తో కావాలనే కొంచెం తక్కువ పోసి, తక్కెడ పళ్లెంలో ఉండగానే, పౌడరును కొద్దికొద్దిగా రాల్చే ట్రిక్లర్‌తో రేణువు రేణువుగా సరిపెడతాను. తూటాకు అరనిమిషం ఎక్కువ పడుతుంది. అంత తొందర ఉన్నవాళ్లు కొట్లో కొనుక్కోవచ్చు కదా.

పిడి పట్టినవాడు
తక్కెడ గారూ, తీర్పు చెప్పేముందు ఆ అంకెలను ఒకసారి చదవండి. అయిదోది 0.7 తక్కువ, ఆరోది 0.6 ఎక్కువ. అయిదో దానిలో పడాల్సినది ఆరోదానిలో పడింది. గొట్టంలో పౌడరు అడ్డం పడి ఇరుక్కుని, తరువాతి కుదుపుకు జారింది.

బల్ల గారూ, మీరు వాడేది పుల్లల పౌడరే అయి ఉంటుంది. గుండ్రటి పౌడరు ఆవాల్లా జారిపోతుంది. రేకుల పౌడరు అటుకుల లాంటిది. పుల్లల పౌడరును సన్నగా తుంచిన సేమ్యా అనుకోండి, గరాటులో పోస్తే నాలుగు పుల్లలు ఒకదానికొకటి ఆనుకుని వంతెన కట్టేస్తాయి. పిడి దించేటప్పుడు ఎప్పుడైనా చేతికి కరకరమని తగిలిందా? డ్రమ్ము అంచు ఒక పుల్లను కోస్తేనే అలా తగులుతుంది. అలా తగిలిన మోతాదును లెక్కలోకి తీసుకోకుండా తిరిగి తొట్టిలో పోసేయాలి.

పిడిని ప్రతిసారీ ఒకే వేగంతో ఎత్తండి, రెండు కొసల్లోనూ ఒకే బలంతో తట్టండి. తొట్టి సగానికి తగ్గకుండా చూసుకోండి. తొట్టి లోపల, డ్రమ్ముకు పైన ఉండాల్సిన అడ్డుపలక ఉందా?

తక్కెడ
ఆ జంట సంగతి మీకు ఎలా తెలిసింది? ఆయన తూచారు కాబట్టే కదా. తూచకపోయి ఉంటే ఆ రెండూ ఈపాటికి పెట్టెలో పక్కపక్కనే కూర్చుని ఉండేవి.

పాత చెయ్యి
ఇద్దరూ మెజర్ మీదే పడ్డారు. ఆ అంకెలు చూపించిన బల్ల గారి తక్కెడ సరిగ్గా తూస్తోందో లేదో ఎవరూ అడగలేదు. డిజిటల్ తక్కెడ అయితే వాడే ముందు కాసేపు వెలిగించి ఉంచాలి. బరువు తెలిసిన తూకపురాయి పెట్టి మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి చూసుకోవాలి. పైనుంచి గాలి తగిలినా అంకె కదులుతుంది.

ఇంకొక మాట. పది మోతాదులు కలిపి తూచి పదితో భాగించండని చాలామంది కొత్తవాళ్లకు చెబుతుంటారు. బల్ల గారి పదీ కూడి చూడండి. మొత్తం తేడా −0.1, అంటే ఒక్కోదానికి గ్రెయిన్‌లో నూరో వంతు. ఆ లెక్క ప్రకారం ఆయన మెజర్ బంగారం! మోతాదును పెంచి తగ్గించే డ్రమ్ము మరను మొదట తిప్పి పెట్టుకునేటప్పుడు ఆ పద్ధతి పనికొస్తుంది. ఇరుక్కోవడాన్ని మాత్రం అది దాచేస్తుంది.

మీ బల్ల ఎక్కడ ఉంది? దాని మీద, పక్కన ఏమేం ఉన్నాయి?

బేస్‌మెంట్ బల్ల
తూకపురాయి పెట్టి చూశాను, తక్కెడ సరిగ్గానే ఉంది. బల్ల ఫర్నేసు వేడిగాలి వచ్చే జాలీ కిందే ఉంది, పక్కన బట్టలు ఆరబెట్టే యంత్రం. పౌడరు తొట్టి గోడలకు అంటుకుంటోంది, గోకితే తప్ప రాలడం లేదు. పోయిన వారం తొట్టిని సబ్బునీళ్లతో కడిగి పొడిగుడ్డతో బాగా తుడిచాను.

అడ్డుపలక అడిగారు. సిగ్గుగానే ఉంది కానీ చెప్పాలి. కడిగినప్పుడు తీసి డబ్బాలో పెట్టాను, ఇప్పటికీ డబ్బాలోనే ఉంది.

పిడి పట్టినవాడు
దొరికింది! ఆ పలక లేకపోతే తొట్టిలోని పౌడరు బరువంతా డ్రమ్ము మీదే పడుతుంది. నిండుగా ఉన్నప్పుడు ఒకలా, తగ్గేకొద్దీ మరోలా గుంట నిండుతుంది. పలక ఆ ఒత్తిడిని ఒకేలా ఉంచుతుంది.

అంటుకోవడం స్థిరవిద్యుత్తు వల్ల. జనవరిలో, వేడిగాలి కింద, ప్లాస్టిక్‌ను పొడిగుడ్డతో రుద్దితే ఇంకేమవుతుంది? కడిగాక తుడవకుండా దానంతట అదే ఆరనివ్వండి. బట్టల యంత్రంలో వేసే డ్రయ్యర్ షీటు మీ ఇంట్లో ఉండే ఉంటుంది, దానితో లోపల ఒకసారి రాయండి.

పాత చెయ్యి
ఆ యంత్రం కరెంటుదా, గ్యాసుదా? గ్యాసుదైతే అందులో మంట ఉంటుంది. మిగతా చర్చ తరువాత, ముందు పౌడరు డబ్బాలు అక్కడినుంచి తీసేయండి. కరెంటుదైనా అంత వేడి పక్కన వాటికి చోటు కాదు. రాత్రి పని అయ్యాక తొట్టిలో మిగిలిన పౌడరును దాని సొంత డబ్బాలోకే పోసేయండి. వారం తరువాత చూస్తే అది ఏ పౌడరో గుర్తుండదు, పైగా కొన్ని పౌడర్లు ప్లాస్టిక్‌ను తినేస్తాయి.

కరెంటుదే అయినా దాని అదురు ఉంది. మా ఊళ్లో ధాన్యం కొలిచేటప్పుడు కుంచం నేలకు తగలనిచ్చేవారు కాదు మా తాతగారు. తట్టిన కుంచంలో గింజ సర్దుకుంటుంది, అదే కుంచానికి పిడికెడు ఎక్కువ పడుతుంది. అమ్మేవాడు తట్టనివ్వడు, కొనేవాడు తట్టమంటాడు. మీ డ్రమ్ము గుంట కుంచమైతే, ఆ యంత్రం పక్కన నిలబడి తడుతున్న కొనుగోలుదారు. యంత్రం తిరుగుతున్నప్పుడు ఇరవై, ఆపి ఇరవై మోతాదులు తూచి ఇక్కడ రాయండి.

సైనిక్‌పురి నుంచి
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాకు రైఫిలు లైసెన్సు ఉంది, హైదరాబాద్‌లో ఇంట్లో ఇలా నింపుకోవచ్చా?

పాత చెయ్యి
కుదరదు. 1959 నాటి ఆయుధ చట్టం 5వ సెక్షను ప్రకారం తూటాల తయారీకి వేరే లైసెన్సు కావాలి. మీ దగ్గర ఉన్నది తుపాకీ ఉంచుకోవడానికి మాత్రమే. ఇక్కడ అమెరికాలో సొంతానికి నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మితే కావాలి. హెచ్1బీ మీద ఉన్న తమ్ముళ్లు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి చెబుతున్నాను: వలసేతర వీసా మీద ఉన్నవారికి ఫెడరల్ చట్టం తుపాకీనే కాదు, తూటాను కూడా నిషేధించింది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. అవి మీకు వర్తిస్తాయో లేదో న్యాయవాదిని అడిగాకే బల్ల కొనుక్కోండి.

కొత్త సభ్యుడు
ఆ 50 తూటాలను విప్పడం ఎందుకు? పూర్తయిన తూటానే తూచి తేడాగా ఉన్నవి ఏరేస్తే సరిపోదా?

తక్కెడ
అన్నీ తూచమనే నేనే ఇది వద్దంటున్నాను. ఖాళీ ఇత్తడి కేసుల మధ్యే కొన్ని గ్రెయిన్ల తేడా ఉంటుంది, బుల్లెట్ల తేడా దానికి తోడు. బండెడు ధాన్యాన్ని తూచి అందులో గుప్పెడు తగ్గిందో లేదో చెప్పగలరా? విప్పాల్సిందే.

పిడి పట్టినవాడు
ఈ ఒక్క విషయంలో తక్కెడ గారితో నాకు గొడవ లేదు. పౌడరు బొత్తిగా తగ్గితే బుల్లెట్ బ్యారెల్‌లోనే ఆగిపోవచ్చు. అది గమనించక మరోటి పేలిస్తే బ్యారెల్ చీలుతుంది. మీ 0.7 అంత దూరం తీసుకెళ్లకపోవచ్చు, కానీ పోసింది అంతేనో ఇంకా తక్కువో విప్పితేనే కదా తెలిసేది.

బేస్‌మెంట్ బల్ల
రెండు రాత్రుల తరువాత వస్తున్నాను. యంత్రం కరెంటుదే. అయినా డబ్బాలు మేడ మీది గదికి చేరాయి, బల్ల జాలీ కింద నుంచి జరిగింది. పలక పెట్టి, షీటుతో తుడిచి, మొదటి పది మోతాదులు తిరిగి తొట్టిలో పోసి లెక్క మొదలుపెట్టాను. యంత్రం ఆపి ఇరవై: అన్నీ 0.1 లోపే. యంత్రం తిరుగుతుండగా ఇరవై: దాదాపు అన్నీ 0.2 ఎక్కువ. తాతగారి కుంచం గెలిచింది. ఇకపై బట్టలు వేసే రోజు ముందే చెబుతానని మా ఆవిడ ఒప్పుకుంది.

తరువాత బుల్లెట్ ఊడదీసే సుత్తిలాంటి పుల్లర్‌తో యాభై విప్పాను. దాన్ని నేలకేసి కొడుతూ ఉంటే పైనుంచి పిల్లలు దిగివచ్చి ఏం పగలగొడుతున్నావని అడిగారు. నలభై ఆరు బాగానే ఉన్నాయి. రెండు తక్కువ, రెండు ఎక్కువ. ఎక్కువైనవి కూడా పుస్తకంలోని గరిష్ఠం లోపే ఉన్నాయి, నేను కనిష్ఠ మోతాదునుంచి మొదలుపెట్టాను కాబట్టి. ఇకనుంచి మెజర్‌తోనే పోస్తూ ప్రతి పదో దాన్నీ తూస్తాను.

తక్కెడ
సంతోషం. ఒక చిన్న ప్రశ్న. పెట్టెలో వరుస కలిసిపోలేదు కదా? ఆ నాలుగూ ఎన్నో స్థానాల్లో ఉన్నాయి?

బేస్‌మెంట్ బల్ల
నింపిన వరుసలోనే ఉన్నాయి. 14, 15. తరువాత 37, 38.

పిడి పట్టినవాడు
పదో దాన్ని తూచేది మర సడలిందో లేదో చూడటానికి, ఇరుక్కుపోవడాన్ని పట్టుకోవడానికి కాదు. బుల్లెట్ పెట్టేముందు కేసులన్నీ గుంటల చెక్కలో నిలబెట్టి టార్చితో చూస్తే అది పట్టుబడుతుంది.

బేస్‌మెంట్ బల్ల
ఇప్పుడే చూసి వచ్చాను. ఒక కేసులో సరైన మోతాదు, పక్కదానిలో 0.7 తక్కువ పోసి టార్చి వేశాను. ఆ సన్నటి మెడలోంచి రెండూ ఒకేలా కనిపించాయి. మా ఆవిడ కూడా చూసి తక్కువ పోసిన దాన్నే నిండుగా ఉందంది.

పిడి పట్టినవాడు
సరే, పుల్లల పౌడరు వాడినన్నాళ్లూ తూచండి. గుండ్రటి పౌడరుకు మారిన రోజు మళ్లీ మాట్లాడుకుందాం.