ముసుగు నిషేధం: జరిమానా ఎవరికి పడుతోంది?

నిఖార్సు: స్విట్జర్లాండ్‌లో 2025 జనవరి 1 నుంచి బహిరంగ ప్రదేశాల్లో ముఖం కప్పుకుంటే వెయ్యి ఫ్రాంకుల దాకా జరిమానా. 2021 రెఫరెండంలో 51.2 శాతం మంది సరేనన్నారు. జనమే ఓటేశాక ఇంకా గొడవేంటి? ముఖం కనబడని మనిషితో మాట్లాడాలంటే నాకైతే ఇబ్బందే.

రెండోమాట: మీ ఇబ్బందికి ముఖం కప్పుకున్నావిడ డబ్బు కట్టాలా అండీ? హిజాబ్‌లో ముఖం కనిపిస్తుంది, నికాబ్‌లో కళ్లే. రెండిటినీ కలిపేసి తిట్టుకుంటున్నారు అందరూ. ఫ్రాన్స్‌లోనైనా నిషేధ చట్టాలు వేర్వేరు: ప్రభుత్వ బడుల్లో తలగుడ్డకి 2004లో, వీధిలో ముఖం కప్పుకోవడానికి 2010లో.

నిఖార్సు: సరే, ముఖం సంగతే చూద్దాం. బలవంతంగా కప్పిస్తుంటే ఆడవాళ్లని కాపాడొద్దా?

రెండోమాట: ఆ 2010 చట్టంలోనే ఉంది. కప్పుకున్నావిడకి 150 యూరోల దాకా జరిమానా, బలవంతం చేసినవాడికి ఏడాది జైలు, 30,000 యూరోలు. చదవడానికి బాగుంది. కానీ రోడ్డు మీద పోలీసుకి కనిపించేది ఆవిడే. ఇంట్లో బెదిరించేవాడు పట్టుబడాలంటే ఆవిడే వెళ్లి మొగుడి మీదో అన్న మీదో ఫిర్యాదు చెయ్యాలి. చేస్తుందా? అసలు ఇంట్లోంచి బయటికే రానివ్వకపోతే?

గడపదాటి: నేను హిజాబ్ వేసుకుంటాను, నికాబ్ కాదు. ఒకసారి పరీక్ష హాలు గుమ్మం దగ్గర ఆపేశారు. లేడీ ఇన్విజిలేటర్ పక్కకి తీసుకెళ్లింది, గడ్డం కింద పిన్ను తీసి చెవులు చూపించాను, మళ్లీ పెట్టుకున్నాను. రెండు నిమిషాలు. పిన్ను గుచ్చుకుంది, అంతే. ఇరాన్‌లో హిజాబ్ సరిగా లేదని పట్టుకెళ్లిన మహ్సా అమీనీ 2022లో కస్టడీలో చనిపోయింది. దానికి నిరసనగా తలగుడ్డలు కాల్చిన అమ్మాయిల పక్షమే నేను. అందుకే తియ్యమని చెప్పే పోలీసు కూడా నాకొద్దు.

నిఖార్సు: 2014లో యూరప్ మానవ హక్కుల కోర్టు ఫ్రాన్స్ చట్టం చెల్లుతుందంది కదండీ?

రెండోమాట: అంది. భద్రత వాదన నిలవలేదు, స్త్రీల సమానత్వం వాదనా నిలవలేదు. ‘కలిసి బతకడం’ అన్న ఒక్కటే నిలిచింది. 2018లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ అదీ కుదరదంది. ఇక 2020లో అదే ఫ్రాన్స్‌లో మాస్కు లేకుండా మెట్రో ఎక్కితే 135 యూరోలు! మూతీ ముక్కూ కనబడకపోయినా జనం కలిసే ప్రయాణం చేశారు.

నిఖార్సు: మాస్కు పాయింటుకి నా దగ్గర జవాబు లేదు. ఎయిర్‌పోర్టులో, కోర్టు బోనులో మాత్రం ముఖం చూపించాల్సిందే.

గడపదాటి: అది ఎవరు కాదన్నారండీ?