స్ట్రాంగ్ అంటే ఘాటా, చిక్కనా, నిషానా?

మా మేనమామ కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. దసరాకు నకిరేకల్ వచ్చినప్పుడు నల్ల బీరు నాలుగు సీసాలు తెచ్చాడు. నాలుగూ ఒకటే రకం, ఇంపీరియల్ స్టౌట్. చేసింది మాత్రం నలుగురు దోస్తులు, ఎవరింట్లో వాళ్లు. పద్దెనిమిదో శతాబ్దంలో లండన్ నుంచి రష్యా దర్బారుకు వెళ్లిన బీరు కాబట్టి ఆ పేరట. మామూలు బీరు 5 శాతం దగ్గర ఉంటే, ఇందులో ఆల్కహాల్ 8 నుంచి 12 శాతం.

మామ నలభై ఏళ్లు మోకు కట్టి తాళ్లెక్కి కల్లు గీసిన మనిషి. స్టీలు గ్లాసుల్లో రెండేసి గుక్కలు పోసి, బావమరిది ఒక్కోదానికి "ఇది స్ట్రాంగ్", "ఇది ఇంకా స్ట్రాంగ్" అంటుంటే మామకు చిర్రెత్తింది.

"స్ట్రాంగు స్ట్రాంగు అంటవ్, ఏం స్ట్రాంగురా? మొదటిది ఘాటు, ముక్కుల కొడుతుంది. రెండోది చిక్కన, నాలిక మీదికెళ్లి జారుతనే లేదు. ఇగ నిషా సంగతి పొద్దుగాల చెప్త."

తమాషా ఏమిటంటే ఆ రెండు సీసాల మీదా 10 శాతమనే రాసి ఉంది. పులిసేటప్పుడు వేడి ఎక్కువైతే ఘాటు వస్తుందని, పులియకుండా మిగిలిన చక్కెరల వల్ల చిక్కదనం వస్తుందని బావమరిది చెప్పాడు. వాడు దీన్నే 'బాడీ' అంటున్నాడు. 'శరీరం' అని తెలుగు చేస్తే ఇంట్లో అందరూ నవ్వారు. పాలకు, చారుకు వాడే 'చిక్కన' ఉండగా వేరే మాట ఎందుకని నా అభిప్రాయం.

మూడోదాన్ని వాడు చేదన్నాడు. మామ ఒప్పుకోలేదు. "చేదు గొంతుల నిలుస్తది. ఇది పచ్చి తునికిపండు కొరికినట్టు నోరు పట్టేస్తుంది. ఒగరు." నిజమే, హాప్స్ అనే పూలు ఇచ్చేది చేదు, బాగా కాలిన బార్లీ గింజ పొట్టు ఇచ్చేది ఒగరు.

నాలుగోది వేపిన చింతగింజల వాసన. ఇక్కడే నాకు మాట దొరకలేదు. 'మాడు' అంటే వంట చెడినట్టు. 'దోరగా' అంటే ఎరుపు దగ్గరే ఆగుతుంది. ఈ బార్లీని కావాలనే నల్లగా వేపుతారు, అయినా అది మాడినట్టు కాదు. దీన్ని ఏమంటారు?

జవాబు (దేవరకొండ దిక్కు నుంచి): బాడీకి 'మందం' అనొచ్చు కదా?

నేను: అనొచ్చు కానీ మన దగ్గర "ఇద్దరి మందం వండు" అంటే ఇద్దరికి సరిపడా అని. "ఈ బీరు మందం ఎంత?" అంటే ఎంతమందికి వస్తుందో లెక్కబెడతారు.

జవాబు: 'ఇంట్లో కాచిన బీరు' అని రాయనందుకు సంతోషం. కాచేది సారా.

నేను: అందుకే 'చేసిన' అని తప్పించుకున్నాను. గెలను కత్తితో గీస్తారు కాబట్టి కల్లు గీత. సారా కాయడంలో ఆవిరి పట్టి దింపడం ఉంది. బీరుకు గింజల రసం మరగబెడతారు గానీ ఆవిరి పట్టరు, చల్లార్చి పులియబెడతారు. 'బీరు పులియబెట్టాడు' అంటే దోసెల పిండి గుర్తొస్తుంది, అయినా అదే సరైన క్రియ. ఇక్కడ ఇంట్లో చేస్తే ఎక్సైజ్ వాళ్లొస్తారు. అక్కడ ఇద్దరు పెద్దలున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా కేంద్ర చట్టమే ఒప్పుకుంటుంది.

జవాబు (మక్తల్ నుంచి): మాకు రాయచూరు దిక్కు చుట్టాలున్నారు. వాళ్ల ముందు 'కల్లు' అంటే రాయి అనుకుంటారు. వాళ్లు తాగేది 'కళ్ళు'.

నేను: తమిళంలోనూ 'కళ్' అనే. తిరుక్కురళ్ 93వ అధ్యాయం మొత్తం దాన్ని తాగొద్దని చెప్పేదే. మనం రాయిని 'రాయి' అనుకున్నాం కాబట్టి 'కల్లు' దగ్గర తికమక లేదు.

జవాబు: చింతగింజలకు వేరే మాట వెతకడం దేనికి? 'వేపిన చింతగింజల వాసన' అనే రాయండి. మన దిక్కు తెలియనోళ్లెవరు?

నేను: సరే, అదే రాస్తాను. అన్నట్టు, పొద్దున మామను నిషా సంగతి అడిగాను. "రెండోదే. చిక్కగుండి తెల్వకుండ ఎక్కింది" అని తల పట్టుకున్నాడు.