నాలుగు నెలలు చర్చికి పోకపోయినా ఎవరూ అడగలేదు, చిన్న సంఘానికి మారితే తప్పా?

ఉప్పల్_బ్రదర్: వందనాలండీ అందరికీ. మాది సిటీలో పెద్ద చర్చి, పేరొద్దులే. ఆరేళ్లుగా పోతున్నం, ఆదివారం మూడు ఆరాధనలు, బండికి పార్కింగ్ దొరికితే అదే పెద్ద సాక్ష్యం. అమ్మకి పక్షవాతం వచ్చి నాలుగు నెలలు పోలేకపోయినం, ఒక్క ఫోన్ లేదు, కానుకల క్యూఆర్ కోడ్ మాత్రం ప్రతి శనివారం వాట్సాప్‌లో ఠంచనుగా వచ్చేది. మా గల్లీలో రేకుల షెడ్డులో ముప్పై మంది కూడుకుంటరు, అందులో ఒక అక్క, మాకు ముఖపరిచయం కూడా లేదు, స్టీల్ క్యారేజీలో మెత్తగా కలిపిన చారన్నం తెచ్చి అమ్మకి స్పూన్‌తో తినిపించి, మూతి తుడిచి పోయింది. మా ఆవిడ ఇంక అక్కడికే పోదామంటది.

గుంటూరు_గురువయ్య: బాధగానే ఉంది గానీ ఒకటి అడుగుతా, మీరెవరికైనా చెప్పారా? యాకోబు 5:14లో రోగి సంఘపు పెద్దలను పిలిపింపవలెను అనుంది, పెద్దలే కనిపెట్టి రావాలని లేదు. రెండు వేల మందిలో ఎవరు రాలేదో అయ్యగారికెలా తెలుస్తుందండీ?

ఉప్పల్_బ్రదర్: చెప్పినం అన్నా, ప్రార్థన అంశాల ఫామ్ నింపినం. "మీ మనవి అందినది" అని ఆటోమేటిక్ మెసేజ్ వచ్చింది 🙂

సిస్టర్_కాకినాడ: చిన్న సంఘం అంటే స్వర్గం అనుకోకండి అన్నయ్యగారూ. మా ఆయన అప్పుల సంగతి స్త్రీల కూడికలో ఏడుస్తూ చెప్పుకున్నా, బుధవారం చెప్తే శుక్రవారానికి చేపల మార్కెట్లో ఆవిడెవరో నన్ను ఓదారుస్తోంది. "ప్రార్థన చేయండి" అంటూనే ఊరంతా చాటేశారు. అప్పట్నుంచి పెద్ద చర్చిలో వెనక బెంచీలో కూర్చుని వచ్చేస్తున్నా, హాయిగా ఉంది.

పాతకాపు: సైజు కాదమ్మా సంగతి. సువార్తికుడు బక్త్ సింగ్ గారి సహవాసం 1941లో మద్రాసులో మొదలైంది, తర్వాత హైదరాబాద్‌లో వాళ్ల కేంద్రం హెబ్రోనులో పరిశుద్ధ కూడికలకి వేలల్లో వచ్చేవాళ్లు. అయినా ప్రేమవిందులో కలెక్టరాఫీసు గుమస్తా అయినా కూలివాడైనా నేలమీద ఒకే వరసలో కూర్చుని అదే అన్నం అదే కూర తినాలి. మా ఊళ్లో చూడండి, ముప్పై ఇళ్లకి రెండు చర్చిలు, మాలలకొకటి మాదిగలకొకటి, రెండింట్లోనూ ఎవడు రాకపోయినా ఇట్టే తెలిసిపోద్ది, కానీ ఒకరి ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన) దగ్గరకి ఇంకొకరు పోరు. అది సహవాసమా? బైబిల్లో కొరింథు సంఘంలో ఒకడు తిని ఒకడు ఆకలితో ఉంటేనే పౌలు అంత కోప్పడ్డాడు.

గుంటూరు_గురువయ్య: దానికి నా దగ్గర జవాబు లేదండి, మా ఊళ్లోనూ అంతే. కానీ బ్రదర్ గారూ, ఆటోమేటిక్ మెసేజ్ సంగతి మీ పెద్దలకి మొహం మీదే చెప్పి వెళ్లండి, చెప్పకుండా జారుకుంటే రేపు ఇంకొకరికీ అంతే.

ఉప్పల్_బ్రదర్: చెప్తా అన్నా, ఈ ఆదివారమే. సాయంత్రం షెడ్డుకి కూడా పోవాలి, అక్క క్యారేజీ ఇంకా మా ఇంట్లోనే ఉంది, ఖాళీది ఎట్లిస్తమని మా ఆవిడ సేమియా పాయసం చేస్తనంటుంది.