ఇంగ్లిష్ స్పెల్లింగ్ మార్చాలా? వద్దనే వాదనకు సాయం కావాలి

జూనియర్ కాలేజీలో ఇంగ్లిష్ చెబుతాను. వచ్చే వారం మా పిల్లలకు డిబేట్: ఇంగ్లిష్ స్పెల్లింగులను సంస్కరించాలా, వద్దా?

మార్చాలనే పక్షానికి సరుకు దండిగా ఉంది. నైట్, లైట్‌లలో జి, హెచ్ ఒకప్పుడు నిజంగా పలికేవే. పలకడం మానేశారు, రాయడం మానలేదు. 1828 నాటి నిఘంటువులో నోవా వెబ్‌స్టర్ కలర్‌లోంచి యు తీసేస్తే అమెరికా హాయిగా అలవాటు పడింది.

వద్దనే పక్షంతోనే టెన్షన్. 1906లో అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ 300 మాటలకు తేలిక స్పెల్లింగులు వాడమని ప్రభుత్వ ముద్రణాలయాన్ని ఆదేశించాడు, పత్రికలు ఎగతాళి చేశాయి, కాంగ్రెస్ కాదంది, ఏడాది తిరక్కుండానే వెనక్కి తగ్గాడు. కానీ అది రాజకీయం, స్పెల్లింగ్ తప్పేముంది అంటారు మా వాళ్ళు (గడుగ్గాయిలు!). నా దగ్గరున్న గట్టి పాయింట్లు రెండే. ఎవరి ఉచ్చారణ ప్రకారం రాయాలి? కార్ చివరి ఆర్ లండన్‌లో వినపడదు, న్యూయార్క్ టీవీ యాంకర్ నోట వినపడుతుంది. రెండోది, సైన్‌లో జి మూగదే అయినా సిగ్నేచర్‌లో పలుకుతుంది. తీసేస్తే ఆ రెండు మాటల చుట్టరికం కంటికి కనపడదు.

ఇంతకు మించి ఏముంది? 1960ల్లో బ్రిటన్ బడుల్లో ఇనీషియల్ టీచింగ్ ఆల్ఫాబెట్‌తో (చిన్నపిల్లలకు చదవడం నేర్పడానికి, పలికినట్టే రాసేలా తయారుచేసిన ప్రత్యేక అక్షరమాల) చదువుకున్నవాళ్ళు మీకెవరైనా తెలుసా? మామూలు స్పెల్లింగుకు మారేటప్పుడు వాళ్ళు ఎలా నెట్టుకొచ్చారు? జర్మనీలో ఉంటున్నవాళ్ళు కూడా చెప్పండి: అక్కడ 1996లో తెచ్చిన మార్పుల వల్ల పాత పుస్తకాలు చదవడానికి మీ పిల్లలు తడబడుతున్నారా?